ఏ పుస్తకం చదివితే, ఏ పాట వింటే నా మీద నాకు నమ్మకం వస్తుంది?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆవిడకు 36 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, ఒక ప్రైవేటు సంస్థ అకౌంట్స్ విభాగంలో ఉద్యోగం. చిన్నప్పుడు రాజమండ్రిలో ఎనిమిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు. వర్ణాలు, పాతిక దాకా కృతులు, త్యాగరాజు కూర్చిన ఐదు పెద్ద కృతులు, ఘనరాగ పంచరత్నాల్లో నాట, శ్రీరాగం వచ్చు. 16వ ఏట ఒక పోటీలో శ్రీరాగ పంచరత్నం పాడుతూ చరణాల మధ్యలో సాహిత్యం మర్చిపోయి ఆగిపోయారు. న్యాయనిర్ణేతల్లో ఒకరు అందరి ముందూ "గొంతుంది గానీ జ్ఞానం లేదు" అన్నారు. ఆ రోజు నుంచి పాడలేదు.

ఇప్పుడు కథలు రాస్తున్నారు. మొదలుపెట్టిన నాలుగూ సగంలో ఆగాయి. రాసిన ప్రతి పేరానూ అక్కకు వాట్సాప్‌లో పంపుతారు. జవాబు ఆలస్యమైతే ఆ పేరా చెరిపేస్తారు. ధైర్యం కోసం ఆఫీసు దారిలో స్ఫూర్తినిచ్చే పాటలు వింటారు. నచ్చిన వాక్యాలతో మూడు నోటు పుస్తకాలు నిండాయి. "విన్న అరగంటసేపు ఏదైనా చేసేయగలననిపిస్తుంది. ఇంటికొచ్చి గిన్నెలు తోమేసరికి అంతా ఆవిరి" అని రాశారు. వచ్చే జనవరిలో వాళ్ల అపార్ట్‌మెంట్ మహిళలు త్యాగరాజ ఆరాధన చేద్దామనుకుంటున్నారు. పంచరత్నాల గోష్ఠిగానాన్ని (అందరూ కలిసి పాడటం) ముందుండి నడిపించమని ఈవిడను అడిగారు. ఐదు నెలల సమయం ఉంది. భర్త "నీ ఇష్టం" అన్నారు. అత్తగారు "ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ" అన్నారు. ఆవిడ అడుగుతున్నవి రెండు: నా మీద నాకు నమ్మకం రావాలంటే ఏ పుస్తకాలు చదవాలి, ఏ పాటలు వినాలి? ఆరాధనకు ఒప్పుకోవాలా, వద్దా?

సమాధానం:

పుస్తకాల జాబితా, పాటల జాబితా ఇవ్వడం తేలిక. కానీ మీ మూడు నోటు పుస్తకాల్లో ఉన్నవి అవే. నాలుగోది నింపినా గిన్నెల దగ్గరికొచ్చేసరికి ఇదే జరుగుతుంది. ఇందులో పాట తప్పూ లేదు, మీ తప్పూ లేదు. మంచి పాట విన్నప్పుడు, పాడినవాళ్ల శ్రుతీ లయా, రాసినవాళ్ల మాటా కలిసి మనల్ని కాసేపు పైకి ఎత్తుతాయి. ఆ కాసేపట్లో మీరు సొంతంగా తేల్చుకున్నది ఏదీ ఉండదు. అందుకే దించేశాక చేతిలో ఏమీ మిగలదు. ఒక చిన్న విషయాన్నయినా మనమే తూచి, మనమే తేల్చి, అది సరిగ్గా ఉందో లేదో మనమే సరిచూసుకుంటే కొంత మిగులుతుంది. సంగీతం, సాహిత్యం ఈ పనికి చాలా బాగా అక్కరకొస్తాయి. తప్పొప్పులు ఎవర్నీ అడగకుండా తెలుసుకునే కొలతలు వాటిలోనే ఉన్నాయి. శ్రుతి ఒక కొలత, తాళం ఒకటి, పద్యంలో యతిప్రాసలు మరొకటి. మీకు ఆ కొలతల్లో ఎనిమిదేళ్ల చదువుంది. మీరు దాన్ని లెక్కలోకే తీసుకోవడం లేదు.

ముందు ఆ పోటీ సంగతి చూద్దాం. ఇరవై ఏళ్లుగా మోస్తున్న మాట కాబట్టి కొంచెం నిదానంగా.

శ్రీరాగ పంచరత్నంలో చరణాలు చాలా ఉంటాయి. ఒక్కో చరణానికీ ముందు స్వరం, తర్వాత సాహిత్యం, ఆపైన మళ్లీ పల్లవి. నేర్చుకునే పిల్లలు దాదాపు అందరూ సాధనను పల్లవి నుంచే మొదలుపెడతారు. మధ్యలో తప్పు వస్తే మళ్లీ మొదటికే వెళ్తారు. పల్లవి వందసార్లు నోట పడితే, ఆఖరి చరణాలు పదిసార్లు కూడా పడవు. దానికి తోడు ప్రతి చరణం తర్వాతా వచ్చేది అదే పల్లవి కాబట్టి, అక్కడికి చేరిన ప్రతిసారీ "ఇప్పుడు ఏ చరణం?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. నాలుగు రోడ్ల కూడలిలో నిలబడినట్టు ఉంటుంది. స్టేజీ మీద గుండె దడకు ముందుగా తప్పిపోయేది ఈ కూడలి దగ్గరే. రాగం తప్పాననిగానీ తాళం తప్పాననిగానీ మీరు రాయలేదు. మాట మర్చిపోయానన్నారు. అంటే జరిగింది సాధన పద్ధతిలో లోపం. పదహారేళ్ల పిల్లకు ఆ సంగతి ఎవరో ఒకరు ఆ సాయంత్రమే చెప్పి ఉండాల్సింది.

దీనికి మందుంది. చరణాలను వెనకనుంచి ముందుకు నేర్చుకోవాలి: మొదట ఆఖరి చరణం, తర్వాత దాని ముందుది, అలా పల్లవి వరకు. ఇలా చేస్తే పాడుతూ ముందుకు వెళ్లేకొద్దీ బాగా వచ్చిన చోటికే చేరతారు. రెండో మెట్టు: చీటీల మీద చరణాల సంఖ్యలు వేసి, ఒకటి తీసి, పల్లవి జోలికి పోకుండా నేరుగా ఆ చరణం స్వరం అందుకోండి. తడబడిన చరణం చీటీని పక్కన పెట్టండి. మర్నాడు సాధన దానితోనే మొదలు. మూడోది అర్థం. ఐదు పంచరత్నాల్లో నాట సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. తమిళనాడులోనో అమెరికాలోనో తెలుగు రాకుండా పాడేవాళ్లు శబ్దాన్ని బట్టీ పడితే తప్ప వీలుకాదు. మీకు ఆ ఇబ్బంది లేదు. ప్రతి చరణంలో త్యాగరాజు ఎవరిని తలుచుకుంటున్నాడో, వాళ్లకున్న గుణమేమిటో ఒక్కో లైనులో రాసుకోండి. భావం ఒక వరసలో నిలిస్తే మాట దాని వెంట వస్తుంది.

ఇక గొంతు. పదహారేళ్లప్పుడు ఐదున్నర శ్రుతిలో (అంకె పెరిగేకొద్దీ గొంతు ఎత్తాలి) పాడి ఉంటే, ఇప్పుడూ అదే శ్రుతి పెట్టుకుని "గొంతు పోయింది" అనుకోకండి. వయసుతో, ఇంత కాలం పాడకపోవడంతో గొంతు కిందికి దిగడం మామూలే. తంబూర యాప్‌లో ఐదు, నాలుగున్నర, నాలుగు ఒక్కొక్కటే పెట్టి చూడండి. మంద్ర పంచమం (కింది స్థాయి ప) గాలిగా పోకుండా స్వరంగా వినపడాలి. తార గాంధారం (పై స్థాయి గ) దగ్గర మెడ బిగుసుకోకూడదు. కింద వినపడకపోతే అర శ్రుతి పెంచండి, పైన బిగుస్తుంటే అర శ్రుతి తగ్గించండి. రెండు చివర్లూ అమరిన చోటు మీ శ్రుతి. దీన్ని మీరే తేల్చండి. అక్కను గానీ, యూట్యూబ్‌లో ఎవరినో గానీ అడగొద్దు. మీ గొంతు ఎక్కడ సుఖంగా ఉందో చెప్పగలిగేది మీరొక్కరే.

రోజుకు 40 నిమిషాలు చాలు. మొదటి 10 నిమిషాలు తంబూరతో స ప స మాత్రమే, ఒక్కో స్వరం ఒక్కో ఊపిరి. తర్వాత 15 నిమిషాలు మాయామాళవగౌళలో సరళీ, జంట వరసలు మూడు కాలాల్లో, చివర్లో అకారం (స్వరాల పేర్లు లేకుండా 'ఆ' అంటూ పాడటం). మిగతా 15 నిమిషాలు మీకు వచ్చిన వర్ణం రెండు కాలాల్లో. మొదటి రెండు వారాలు కృతుల జోలికి వెళ్లకండి. తొందరపడి పెద్ద కృతి ఎత్తుకుంటే రెండో రోజుకే గొంతు రాచుకుపోయి, "నావల్ల కాదు" అన్న పాత మాట తిరిగొస్తుంది. ఇంకో జాగ్రత్త: పేరున్న గాయనుల రికార్డింగుతో కలిసి పాడకండి. వాళ్ల శ్రుతి మీ తప్పును కప్పేస్తుంది, వాళ్ల తాళం మిమ్మల్ని మోస్తుంది. ఆపగానే ఒంటరిగా నిలబడలేరు. పాటలో ఒక్క సంగతి (ఒకే లైనును మార్చి పాడే ఒక తీరు) వినండి, ఆపేయండి, ఆ తర్వాత మీరొక్కరే పాడండి.

వారానికి రెండుసార్లు రికార్డు చేసుకోండి. రికార్డు చేసే ఫోన్ రెండు మూడు అడుగుల దూరంలో, తంబూర మోగే పరికరం దానికి వెనక ఉండాలి. పాడిన వెంటనే వినొద్దు, మర్నాడు వినండి. మొదటిసారి మీ గొంతు పలచగా, పరాయిగా వినిపిస్తుంది. మాట్లాడేటప్పుడు, పాడేటప్పుడు మన గొంతు మనకు గాలి ద్వారానే కాక పుర్రె ఎముకల ద్వారా కూడా చేరుతుంది. ఆ బరువు రికార్డింగులో ఉండదు. గొప్ప గాయకులకైనా ఇంతే. అందుకని ఆ ఇబ్బందిని తీర్పుగా తీసుకోకండి. కాగితం మీద మూడు గళ్లు గీయండి: శ్రుతి, లయ, సాహిత్యం. ఏ నిమిషం ఏ సెకను దగ్గర ఏ గడిలో తేడా వచ్చిందో రాయండి. "బాగుంది", "బాలేదు" అన్న మాటలు ఆ కాగితం మీద ఉండకూడదు. "2.10 దగ్గర పై షడ్జం అందలేదు" అన్నదాన్ని రేపు సరిచేసుకోవచ్చు. "బాలేదు" అన్నదానితో ఏమీ చేయలేరు. నాలుగు వారాల కాగితాలు పక్కపక్కన పెడితే, ఎక్కడ మెరుగైందో ఇంకొకరు చెప్పకుండానే కనిపిస్తుంది.

మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్న సాధన ఇంకొకటి ఉంది. మోహన రాగం తీసుకోండి. ఐదే స్వరాలు, స రి గ ప ద. మధ్యమమో నిషాదమో పొరపాటున దొర్లితే మీ చెవే పట్టేస్తుంది. ఆదితాళం ఒక ఆవర్తనంలో (ఒక పూర్తి చుట్టులో) 8 లెక్కలు, లెక్కకు రెండు చొప్పున 16 స్వరాలు. మీకు వచ్చిన మోహన కీర్తనలో పల్లవి ఎత్తుగడ ఏ స్వరం మీద ఉందో చూసుకుని, దాని పక్క స్వరంతో ముగిసేలా 16 స్వరాల వరస కల్పించండి. కాగితం మీద రాసుకోవచ్చు, అందులో చిన్నతనమేమీ లేదు. అలాంటివి ఐదు రాసి, పాడి, వాటిలో ఒకటి ఎంచుకోండి. ఎందుకు ఎంచుకున్నారో ఒక వాక్యం రాయండి: "ఇది పల్లవిలోకి తడుముకోకుండా వెళ్లింది" అనో, "ఇందులో ప-గ మళ్లీ మళ్లీ రాలేదు" అనో. ఎనిమిదేళ్లు మీరు నేర్చుకున్నది ఇంకొకరు కూర్చినదాన్ని తప్పు లేకుండా అప్పజెప్పడం. ఎంపిక ఎప్పుడూ మీ చేతికి రాలేదు. ఈ 16 స్వరాల్లో వస్తుంది.

పుస్తకాల విషయంలోనూ మీరు ఎంపికను ఇంకొకరికి వదిలేస్తున్నారు. సమీక్షలు చదివి మరీ నవల మొదలుపెడతానని రాశారు. కాసేపు దాన్ని తిరగేయండి. వారానికి ఒకే కథ, పది పన్నెండు పేజీలది. చదవగానే, ఎవరి అభిప్రాయమూ చూడకముందే మూడు విషయాలు రాయండి. ఎక్కడ మీ ధ్యాస జారింది? ఏ వాక్యం తీసేసినా కథకు నష్టం లేదు? ఏ పాత్ర చేసిన పని మీకు నమ్మబుద్ధి కాలేదు? వారం తర్వాత అదే కథ మళ్లీ చదివి, పాత జవాబుల కింద కొత్తవి రాయండి. కొన్ని మారతాయి. మారనివి మీ అభిరుచి. నోటు పుస్తకంలో ఎత్తి రాసుకున్న వాక్యాలను కూడా ఇలాగే వాడుకోవచ్చు. ఒక్కోదాని కింద, అది మీ జీవితంలో ఎక్కడ సరిపోలేదో రాయండి.

పద్యం మీద ఇష్టముంటే మీ పిల్లల తెలుగు వాచకం తీయండి. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, యతి పదో అక్షరం. చంపకమాలకు 21, యతి పదకొండో అక్షరం. రెండింటికీ ప్రాస రెండో అక్షరం. మీకు నోటికి రాని పద్యంలో ఒక మాటను పిల్లల చేత మూయించి, ఆ చోట గణానికీ భావానికీ సరిపడే మాట మీరు వేయండి. తర్వాత కవి వేసిన మాటతో పోల్చండి. కవి మాట ఎందుకు మెరుగో మీకు తెలిసిందంటే మీ చెవి పనిచేస్తున్నట్టే. పిల్లలకూ సరదాగా ఉంటుంది.

ఏ పుస్తకాలు చదవాలని అడిగారు కాబట్టి మొల్ల రామాయణం అవతారిక (కావ్యానికి ముందుమాట) చదవండి. కొన్ని పద్యాలే, ఒక సాయంత్రంలో అయిపోతుంది. అందులో ఆవిడ తనకు శాస్త్రాలు రావు, వ్యాకరణం రాదు, కావ్య సంపదలు తెలియవు అని వరసగా చెప్పుకుంటూ పోతుంది. చాలామంది అక్కడిదాకా చదివి వినయం అనుకుని వదిలేస్తారు. కానీ అదే అవతారికలో, కవిత్వం ఎలా ఉండాలో ఆవిడ ఖండితంగా చెబుతుంది: తేనె తగలగానే నోరు తీపి అయినట్టు, మాట వినగానే అర్థం తోచాలి, గూఢమైన శబ్దాలు గుచ్చితే ప్రయోజనం లేదు. తెలియనివేమిటో తెలుసు, నచ్చేదేమిటో కూడా తెలుసు. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని వదులుకోలేదు. మీరు ఉత్తరంలో మొదటి సగమే రాశారు. రెండో సగం ఒక పేజీ రాయండి: కథ అంటే ఎలా ఉండాలి? మీకు, మీకు మాత్రమే.

ఇప్పుడు ఆ నాలుగు కథలు. సగం ఉడికిన అన్నం రుచి చూపించి "ఎలా ఉంది?" అంటే ఎవరైనా ఏం చెబుతారు? పేరా పేరా పంపడంలో జరుగుతున్నది ఇదే. పైగా మీ అక్క జవాబు ఆలస్యం చేసిందంటే ఆవిడ వంటలోనో మీటింగులోనో ఉంది. ఆ మౌనాన్ని మీరు తీర్పుగా చదువుతున్నారు. నాలుగింటిలో ముగింపు మీకు తెలిసిన కథను ఎంచుకోండి. రోజుకు 300 మాటలు, పది రోజులు, ఎవరికీ పంపకుండా. ఏదీ చెరపొద్దు. తీసేయాలనిపించిన పేరాను తేదీ వేసి వేరే ఫైల్లో పెట్టండి. పూర్తయ్యాక వారం ముట్టుకోకండి. తర్వాత తలుపేసుకుని పైకి చదవండి. నాలుక తట్టుకున్న చోట గీత పెట్టండి. సాధారణంగా అక్కడ వాక్యం మరీ పొడుగై ఉంటుంది, లేదా మనం నిజంగా మాట్లాడని తెలుగు దూరి ఉంటుంది.

అప్పుడు అక్కకు పంపండి, "ఎలా ఉంది" అన్న ప్రశ్న లేకుండా. ఎక్కడ విసుగొచ్చింది, ఎవరి మాట నమ్మబుద్ధి కాలేదు, ముగింపు ముందే తెలిసిపోయిందా అని అడగండి. పంపే ముందే ఆ మూడింటికీ మీ జవాబులు రాసి పెట్టుకోండి. ఆవిడ జవాబులు వచ్చాక పోల్చండి. ఇద్దరూ ఒకే చోట వేలు పెడితే మీ చూపు అక్కడ సరిగ్గా ఉంది. తేడా వచ్చిన చోట ఇంకోసారి చదివి, మార్చాలో వద్దో మీరే నిర్ణయించండి. మూడు కథలు ఇలా చేస్తే మీ అంచనా దేనిలో గట్టిదో, దేనిలో ఇంకొకరి కన్ను కావాలో బయటపడుతుంది. బహుశా సంభాషణల్లో మీరు నమ్మదగినవాళ్లు, ముగింపుల్లో కాదు. అలా తెలిస్తే ఎంత సుఖమో.

ఆరాధన గురించి చెప్పేముందు గాయని బెంగళూరు నాగరత్నమ్మ (1878–1952) మాట ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఆవిడలో సంగీతమూ సాహిత్యమూ రెండూ ఉన్నాయి. పాతకాలపు కవయిత్రి ముద్దుపళని కావ్యం 'రాధికా సాంత్వనము' అంతకుముందే అచ్చయి ఉంది. ఆ ప్రతినీ తన చేతికొచ్చిన రాతప్రతినీ పక్కపక్కన పెట్టి చూస్తే, అచ్చులో కొన్ని భాగాలు తీసేసి ఉన్నాయి. 1910లో ప్రచురణకర్తలు వావిళ్ల వారి ద్వారా పూర్తి పాఠం వేయించారు. కందుకూరి వీరేశలింగం అంతటివారు ఆ కావ్యాన్ని నిందిస్తే జవాబిచ్చారు. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులు చొరవతో ఆ నిషేధం తొలగేసరికి మూడు దశాబ్దాలు దాటింది. తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి మందిరం కట్టించిందీ ఆవిడే. అక్కడి ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వని కాలంలో, 1927లో ఆడవాళ్ల బృందాన్ని కూర్చి విడిగా పాడించారు. ఆవిడ ధైర్యం గురించి అందరూ మాట్లాడతారు. ఆ ధైర్యం కింద రెండు ప్రతులు పక్కపక్కన పెట్టుకుని చదివిన శ్రమ ఉందన్నది మీకు పనికొచ్చే విషయం. మీరు జనవరిలో కూర్చోబోయే ఆ వరసకు అంత చరిత్ర ఉంది.

మీ ముందున్న దారులు ఇవి. ఐదూ నడిపిస్తానని ఒప్పుకుంటే, నాట, శ్రీరాగం తిరిగి పట్టాలెక్కడానికి ఆరు వారాలు, గౌళ, ఆరభి, వరాళి కొత్తగా నేర్చుకోవడానికి ఒక్కోదానికి నాలుగైదు వారాలు పడుతుంది. మొత్తం ఉన్న ఇరవై వారాలూ అయిపోతాయి. వారానికి రెండు రోజులు గురువు దగ్గరికి వెళ్లక తప్పదు. వరాళిలో గాంధారం కుదరడానికే సమయం తీసుకుంటుంది. పిల్లలకు జ్వరమొస్తే, ఆఫీసులో లెక్కల ముగింపు మీద పడితే, సగం నేర్చిన కృతితో అందరి ముందూ కూర్చోవాలి. మళ్లీ ఆ పదహారేళ్ల రోజు ఎదురయ్యే ప్రమాదం ఈ దారిలోనే ఎక్కువ. కుదిరితే మాత్రం మీ ఇంట్లో, మీలో చాలా మారుతుంది.

రెండోది, మొదటి నాట, చివరి శ్రీరాగం నడిపిస్తాను, మధ్య మూడింటికి వేరేవాళ్లను చూడండి అని చెప్పడం. మీకు ఉన్నదానితో మొదలవుతుంది, సరిచేసుకోవాల్సిన పాత చోటు కూడా శ్రీరాగంలోనే ఉంది. వాళ్లకు మధ్య మూడింటికి మనిషి దొరక్కపోవచ్చు. అప్పుడు "ఐదూ మీరే" అని ఒత్తిడి చేస్తారు. ఆ మాటకు జవాబు ముందే అనుకుని వెళ్లండి. మూడోది, రెండో వరసలో కూర్చుని పాడటం. భయం తక్కువ, నష్టమూ లేదు. కానీ గుంపులో మన తప్పు మనకే వినపడదు కాబట్టి, రికార్డింగు కాగితాలు కొనసాగిస్తేనే దీనివల్ల లాభం. నాలుగోది, ఈ ఏడు వద్దనడం. అది కూడా గౌరవమైన నిర్ణయమే. అలాగైతే "వచ్చే ఏడు నాట నడిపిస్తాను" అని వాళ్లకు ఇప్పుడే చెప్పండి. తేదీ లేని "తర్వాత" ఇరవై ఏళ్లయింది కదా.

నా మొగ్గు రెండోదాని వైపు. మీ గొంతు ఇప్పుడెలా ఉందో నేను వినలేదు, మీరూ వినలేదు. అందుకని వాళ్లను మూడు వారాల గడువు అడగండి. ఈలోగా రికార్డింగు కాగితాలు ఆరు చేతికొస్తాయి. ఏ దారి పట్టినా నేరుగా గుంపు ముందుకు వెళ్లకండి. మొదట ఫోన్ ముందు, తర్వాత ఒక స్నేహితురాలి ముందు, తర్వాత నలుగురి ముందు, ఒక్కో మెట్టుకు రెండుసార్లు పాడండి. గోష్ఠిలో పుస్తకం ముందు పెట్టుకుని పాడేవాళ్లు ఎందరో ఉంటారు. మీరూ పెట్టుకోండి.

మీవారి "నీ ఇష్టం"లో అడ్డు లేదు, సాయమూ లేదు. పొద్దున 5.30 నుంచి 6.10 వరకు పాలు, పిల్లల టిఫిన్ బాక్సులు తను చూసుకోగలరా అని సూటిగా అడగండి. అత్తగారి ప్రశ్నను ప్రశ్నగానే తీసుకోండి. "చిన్నప్పుడు ఆపేశాను అత్తయ్యా, ఆ రెండు పాటలు పూర్తి చేసుకుందామని" అంటే చాలు. రెండో వారంలో ఆవిడ వంటింట్లోంచి వింటూ ఉండొచ్చు.

రేపు పొద్దున మొదటి పది నిమిషాలకు నాలుగున్నర శ్రుతి పెట్టి చూడండి. శ్రీరాగం రెండు వారాల తర్వాత, ఆఖరి చరణం నుంచి.